కంచం తీశాక చెప్పులేసుకో

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి శ్రీనుకి పెద్దమ్మ దీవించి రాయునది.

నీ రిపోర్టు సంగతి కోడలు చెప్పింది. మూణ్ణెల్ల సగటు షుగరు (HbA1c పరీక్ష) 6.1 శాతం అట. 5.7 నుంచి 6.4 దాకా అంటే షుగరు జబ్బుకి గట్టు మీద ఉన్నట్టు, ఇంకా నీళ్లలో పడలేదు. నేను పడ్డాక కళ్లు తెరిచినదాన్ని. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

పొద్దున్నే అయిదింటికి లేచి గంట నడుస్తానని బూట్లు కొన్నావట. వద్దనను. కానీ ఆడిటరు ఆఫీసులో పని, సెప్టెంబరు వచ్చిందంటే బెంజి సర్కిల్ దాటి ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఇంక అయిదింటికి ఏం లేస్తావురా? తిన్న అరగంటకి ఓ పావుగంట నడువు. మూడు పూటలా కుదిరితే మూడు పూటలా, లేదంటే రాత్రిపూట ఒక్కటీ మానకు.

తిన్నాక చక్కెర రక్తంలోకి జోరుగా ఎక్కేది మొదటి గంట, గంటన్నరలోనే. అప్పుడు కాళ్లు ఆడుతుంటే పిక్కలు, తొడల కండలు దాన్ని అక్కడికక్కడే లాక్కుంటాయి. ఇన్సులిన్ మాట సరిగా వినని ఒంట్లో కూడా, కండ కదిలితే చక్కెర లోపలికి పోవడానికి వేరే దారి తెరుచుకుంటుంది. నువ్వేమో సరిగ్గా ఆ గంటే సోఫాలో ఫోను చూస్తూ పడుకుంటావు.

పెద్దమ్మ చాదస్తం అనుకోకు. 2013లో అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు అరవై దాటి, ఒళ్లు పెద్దగా కదల్చని పదిమందిని తీసుకుని చూశారు. పొద్దుటిపూట ఒకేసారి 45 నిమిషాలు నడిపించారు, మరోసారి ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాలు నడిపించారు. రోజు మొత్తం మీద షుగరు తగ్గడంలో రెండూ ఒకటే, రాత్రి భోజనం తర్వాత మాత్రం పావుగంట నడకదే పైచేయి. పదిమందేనా అని లెక్కలవాడివి అడుగుతావు. 2016లో న్యూజిలాండ్ ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 41 మంది షుగరు ఉన్నవాళ్లతో చూశారు. రోజులో ఎప్పుడో అరగంట నడిచినప్పటికన్నా, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక పెరిగే షుగరు 12 శాతం తక్కువ. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం.

అయినా నేను నమ్మింది నా క్యాలెండరునే. ఎనిమిది రాత్రులు ఒకటే తిండి తిన్నాను: ఒకటిన్నర గరిటె అన్నం, దోసకాయ పప్పు, మజ్జిగ. నాలుగు రాత్రులు సీరియల్ ముందు కూర్చున్నాను, నాలుగు రాత్రులు నడిచాను. రెండు గంటలకి వేలు పొడిచి చూస్తే కూర్చున్న రోజుల్లో 210 పైనే, నడిచిన రోజుల్లో 175కి అటూఇటూ. పాల లెక్క రాసే గళ్లలోనే రాసుకున్నాను. ఒక్క రోజు నడిచినా 220 వచ్చింది. పక్కింటివాళ్లు పంపిన బొబ్బట్లు రెండు తిన్నాను లే, ఆ నేరం నడక మీద వేయలేను.

మా అత్తగారు తిన్నాక నూరడుగులు నడవమనేది. నూరడుగులంటే నిమిషం పని, అది చాలదు. నేను మా లైనులో అడ్డరోడ్లు లెక్కపెట్టుకుంటూ పోతాను. టిఫిన్ బండి అబ్బాయి అట్ల పెనం కడిగే వేళకి వెనక్కి తిరుగుతాను. పరుగెత్తక్కర్లేదు, మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. కడుపు నిండా తిని వెంటనే ఉరికితే ఆయాసమే. ఛాతీలో నొప్పిగానీ బరువుగానీ అనిపిస్తే ఆగిపో, డాక్టరు దగ్గరికి వెళ్లు. మధ్యాహ్నం ఆఫీసు వరండా చాలు. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకి బెజవాడ రోడ్డు మీద నడవమని నేను చెప్పను.

మీ అమ్మకి మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు జాగ్రత్త. తను ఇన్సులిన్ మీద ఉంది. నేను ఓసారి షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల వేసుకుని, రెండు ఇడ్లీలతో సరిపెట్టి, ఉత్సాహం కొద్దీ గంట నడిచాను. షుగరు మరీ పడిపోయి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, చేతిలో తాళంచెవి జారిపోయింది. ఆ బండి అబ్బాయే పంచదార నీళ్లు తాగించాడు. అప్పట్నుంచి కొంగు ముడిలో రెండు గ్లూకోజ్ బిళ్లలు ఉంటాయి. డాక్టర్ని అడగకుండా తను నడక పెంచకూడదు, మందు తగ్గించకూడదు. చెప్పులు లేకుండా గడప దాటకూడదు, అరికాళ్లకి స్పర్శ తగ్గిందని అంటోంది కదా.

నువ్వు ఆదివారం వస్తానన్నావు. గోంగూర పప్పు చేస్తాను. తిన్నాక మంచం వేయను, ముందే చెబుతున్నాను. వచ్చేటప్పుడు షుగరు మిషన్ స్ట్రిప్పుల డబ్బా ఒకటి తీసుకురా, నా దగ్గర నాలుగే మిగిలాయి.

మీ పెద్దమ్మ