తమిళనాడు, కేరళ యాత్రలో ఎక్కడ తినాలి? షుగర్ ఉన్నవారికి డాక్టర్ సలహా

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. అమ్మకు 61. వచ్చే నెల ఇద్దరూ యాత్ర బస్సులో మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, తిరువనంతపురం వెళ్తున్నారు. కిందటిసారి ఇలాగే వెళ్లినప్పుడు అమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి ఎక్కడ తినమని చెప్పాలి? ఏ మందులు ఇచ్చి పంపాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు ఎక్కడ తినాలని అడిగారు. మీ నాన్నగారి విషయంలో మాత్రం ఎప్పుడు తింటారన్నదే నాకు ఎక్కువ టెన్షన్. ఆయన వాడే మాత్రలో గ్లిమెపిరైడ్ ఉంది. మనిషి తిన్నా తినకపోయినా అది షుగర్‌ను దించుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. పొద్దున మాత్ర వేసుకుని బస్సెక్కారనుకోండి. టిఫిన్‌కు ఆపుతామన్న ఊరు రెండు గంటలు ఆలస్యమైతే చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం మొదలవుతాయి. అందుకే మాత్రను గడియారం చూసి వేసుకోకూడదు. టిఫిన్ ప్లేటు ఎదురుగా వచ్చాకే వేసుకోమనండి.

రామేశ్వరంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. తెల్లవారుజామునే సముద్రస్నానం, ఆ తర్వాత గుడిలో 22 తీర్థాల స్నానం, తడిబట్టలు మార్చుకుని దర్శనం క్యూ. ఇదంతా మనవాళ్లు చాలామంది పరగడుపునే చేస్తారు. మీ నాన్నగారు అలా చేయకూడదు. రెండు ఇడ్లీలు తిని బయల్దేరమనండి. ఏమీ తినకుండానే స్నానం చేస్తానని పట్టుబడితే, ఆ పూట మాత్ర ఎలా వేసుకోవాలో మీ డాక్టర్‌ను ముందే అడిగి రాయించుకోండి. జేబులో గ్లూకోజ్ పొడి తప్పనిసరి. షుగర్ పడిపోయినట్టు అనిపిస్తే మూడు చెంచాల పొడి నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మీటర్‌తో చూసుకోవాలి. ఇంకా 70 కంటే తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. చాక్లెట్ ఈ పనికి రాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర మెల్లగా ఒంట్లోకి చేరుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ రెండు రాష్ట్రాల్లోనూ అంబులెన్స్ నంబరు అదే.

ఇక అమ్మగారి సంగతి. కిందటిసారి ఏది పడలేదో నేను చెప్పలేను కానీ, యాత్ర బస్సుల్లో ఒక పద్ధతి నన్ను భయపెడుతుంది. మన దగ్గర నుంచి వెళ్లే చాలా బస్సులు వంటమనిషిని, బియ్యం, పప్పులను వెంట తీసుకెళ్తాయి. మన వంట కాబట్టి అందరికీ నమ్మకం. కానీ తెల్లవారుజామున నాలుగింటికి వండి డబ్బాల్లో సర్దిన అన్నం, కూర మధ్యాహ్నం ఒంటిగంటకు వడ్డిస్తారు. ఎండలో, మూత పెట్టిన డబ్బాలో గోరువెచ్చగా ఉన్న అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు తినలేకపోతే ఆ అన్నం వదిలేసి, దారిలో కిక్కిరిసిన హోటల్లో పొగలు కక్కే ఇడ్లీ తినడమే మేలని నా అభిప్రాయం. బస్సువాళ్లతో ముందే మాట్లాడండి. ఆగిన చోట వండించుకోవాలి. లేదంటే ఆ పూటకు చపాతీలు, పొడి, అరటిపళ్లు సరిపెట్టుకోవాలి.

హోటల్ ఎంచుకోవడానికి బోర్డు మీద పేరు కంటే జనం ముఖ్యం. జనం ఎక్కువగా తినే చోట వంటకం నిలవుండదు. లోపల 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. అది ఉన్నంత మాత్రాన వంటగది శుభ్రమని కాదు, లేకపోతే మాత్రం వేరే చోటు చూసుకోవడం మంచిది. ఇడ్లీ, దోసె, పొంగల్, మరిగే సాంబారు, రసం ఎక్కడైనా దాదాపు భయం లేనివే. చిక్కంతా కొబ్బరి చట్నీతో. పచ్చి కొబ్బరి రుబ్బి పొద్దుటి నుంచి బయటే ఉంచితే తొందరగా పాడవుతుంది. పదిన్నర దాటాక చట్నీ వద్దు, సాంబారే అడగండి. కోసి పెట్టిన పళ్లు, ఐసు వేసిన రసాలు, మదురై జిగర్‌తండా ఇద్దరికీ వద్దు. అది చక్కెర, పాలు, ఐస్‌క్రీమ్ కలిసినది కదా.

తమిళనాడు మెస్సుల్లో భోజనం మధ్యాహ్నమే. రాత్రిపూట చాలా చోట్ల టిఫినే దొరుకుతుంది. విస్తరి భోజనంలో అన్నం అడిగినంత వడ్డిస్తారు కాబట్టి నాన్నగారు ఒక్కసారికే ఆపి, పొరియల్ (కూరగాయల వేపుడు), కూట్టు (పప్పు కలిపిన కూర) రెండోసారి వేయించుకోవాలి. అప్పడం, ఊరగాయ వద్దు, బీపీ ఉంది. టిఫిన్‌లో పప్పులు కలిసిన అడై, కేరళలో పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి)తో ఇచ్చే శనగల కూర షుగర్‌కు మైదా పరోటా కంటే ఎంతో నయం. కాఫీలో చక్కెర వద్దని ముందే చెప్పాలి. పళని పంచామృతం ఎవరైనా ఇస్తే వేలికొన మీద ప్రసాదంగా తీసుకుంటే చాలు. అందులో బెల్లం, అరటిపండు, ఖర్జూరం, తేనె అన్నీ ఉంటాయి.

కేరళ హోటళ్లలో ఎర్రగా, గులాబీ రంగులో దాహశమని అనే మూలికలు వేసి మరిగించిన నీళ్లు పోస్తారు. పొగలు వస్తుంటే తాగొచ్చు. గోరువెచ్చగా ఉంటే మరిగించిన నీళ్లలో చన్నీళ్లు కలిపారేమో తెలియదు. తమిళంలో ‘సుడు తణ్ణి’, మలయాళంలో ‘చూడు వెళ్ళం’ అంటే వేడినీళ్లు ఇస్తారు. లేకపోతే సీలు ఉన్న సీసా కొనుక్కోవాలి.

మందుల సంచిలో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసిన ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు పెట్టండి. లీటరుకని రాసిన ప్యాకెట్‌లోని పొడి మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు. షుగర్ ఉంది కదా అని నాన్నగారు ఓఆర్ఎస్ మానొద్దు, లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. యాంటీబయాటిక్ సొంతంగా వేసుకోకూడదు. జ్వరం లేదా రక్తం కనిపిస్తే విరేచనాలు ఆపే లోపెరమైడ్ అసలు ముట్టుకోకూడదు.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ కిడ్నీలకు ఇబ్బంది తెస్తుంది. కిడ్నీలు మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని, రక్తంలో ల్యాక్టిక్ ఆమ్లం ప్రమాదకరంగా పెరగొచ్చు. అలాంటి రోజు ఏవి ఆపాలో, గ్లిమెపిరైడ్ ఏం చేయాలో, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో మీ డాక్టర్‌తో కాగితం మీద రాయించి నాన్నగారి జేబులో పెట్టండి. ప్రయాణానికి వారం ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, మగతగా ఉన్నా, షుగర్ 300 దాటినా బస్సు కోసం ఆగొద్దు. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, ఆ కాగితం అక్కడి డాక్టర్‌కు చూపించమనండి.