గట్టెక్కే బండికి సెన్సార్ తీసేసే ముందు

అమ్మడూ,

రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు మోయడానికి కరెంటు బండి నువ్వే తయారు చేస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కానీ మోటార్లో తిరిగే భాగం, అదే రోటర్, ఎక్కడుందో కనిపెట్టే హాల్ సెన్సార్లు పీకేస్తున్నావని వినగానే టెన్షన్ పట్టుకుంది. ఎందుకు తీస్తున్నావో తెలుసులే, విడవలూరు ఉప్పుగాలికి ఆ సన్న కనెక్టర్లు చిలుము పట్టిపోతాయి.

ఫ్యూజులు, వైరింగు నీకు చెప్పక్కర్లేదు. నా భయమంతా బండి గట్టెక్కుతూ మధ్యలో ఆగి, మళ్లీ కదిలే ఆ క్షణం గురించే.

సెన్సార్ లేకపోతే రోటర్ ఎక్కడుందో బ్యాక్ ఈఎంఎఫ్‌ని, అంటే మోటార్ తిరిగేటప్పుడు అందులోనే పుట్టే వోల్టేజీని బట్టి లెక్కగట్టాలి, ఆగిన మోటార్లో అది సున్నా. 3000 ఆర్పీఎం దగ్గర 40 వోల్టులిచ్చే మోటార్ 75 దగ్గర ఒక్క వోల్టే ఇస్తుంది. 48 వోల్టుల బ్యాటరీ, 10 కిలోహెర్ట్జ్ స్విచింగ్, 2 మైక్రోసెకన్ల డెడ్‌టైమ్ (కంట్రోలర్లో ఒక స్విచ్ ఆపి దాని జంట స్విచ్ వేసే మధ్య ఖాళీ) అనుకో, ఆ డెడ్‌టైమ్ వల్ల వచ్చే తేడాయే దాదాపు ఒక వోల్టు. పైగా ఆ లెక్కలో వైండింగ్ రెసిస్టెన్స్ కూడా వాడాలి, వైండింగ్ 50 డిగ్రీలు వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ 20 శాతం దాకా పెరుగుతుంది, ఇంక ఆ లెక్కని ఏం నమ్ముతాం చెప్పు?

నేను చీమకుర్తిలో ఉన్నప్పుడు ఒక గ్రానైట్ యార్డులో పలకలు మోసే ట్రాలీకి ఇట్లాంటి డ్రైవే పెట్టారు. ఖాళీ ట్రాలీని చదును నేల మీద తిప్పి చూసి, బ్రహ్మాండం అనేశారు. లోడుతో ర్యాంపు మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. తర్వాతొక రోజు నిండు లోడుతో అది ర్యాంపు మధ్యలో ఆగింది. మళ్లీ స్టార్ట్ నొక్కితే కంట్రోలర్ గుడ్డిగా కరెంటుని తిప్పుతూ పోయింది, రోటర్ దాన్ని అందుకోలేక గుర్రుమని వణికింది, ట్రాలీ వెనక్కి జారింది. వెనకున్న కుర్రాడు పక్కకి దూకాడు, చెప్పు మాత్రం చక్రం కింద నలిగిపోయింది. నీ బండి వెనక గుంటలో నీళ్లుంటాయి, బస్తా పట్టుకుని మనిషి ఉంటాడు. నేను ఊరికే అరుస్తున్నానా?

అదే పద్ధతి గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్‌కైతే నేనే పెట్టమంటాను. దానికి మొదట్లో లోడు తక్కువ, స్టార్ట్ కాకపోతే ఇంకోసారి తిప్పొచ్చు, ఎవరికీ దెబ్బ తగలదు.

బండికి సెన్సార్లు తీసే తీరాలంటే హై ఫ్రీక్వెన్సీ ఇంజెక్షన్ చూడు, అంటే మోటార్లోకి వేగంగా మారే చిన్న వోల్టేజీ పంపి కరెంటు ఎట్లా మారుతుందో చూడటం. అయస్కాంతాలు రోటర్ లోపల ఉన్న మోటార్లో అయస్కాంతం వైపు అక్షానికీ, దానికి అడ్డంగా ఉన్న అక్షానికీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) తేడాగా ఉంటుంది కాబట్టి, ఆగి ఉన్నా స్థానం పట్టుకోవచ్చు. రోటర్ పైన అతికించిన రకంలో ఆ తేడా చాలా తక్కువ. ఇంకోటి, అది అయస్కాంతం కొస ఉత్తరమో దక్షిణమో చెప్పదు, స్టార్ట్ అయ్యేటప్పుడు రెండు వైపులా చిన్న పల్సులిచ్చి ఏ వైపు కరెంటు ఎక్కువ పెరిగిందో చూడాలి. అది తప్పిందంటే బండి ముందుకి బదులు వెనక్కి ఉరుకుతుంది.

ఏది పెట్టినా సరే, కంట్రోలర్‌తో సంబంధం లేని మెకానికల్ బ్రేకు ఉండాలి. ఇందులో నీ మొండితనం చెల్లదు బంగారూ, ముందే చెప్తున్నా. మొదట బస్తాలతోనే పరీక్షించు, వెనక మనిషిని నిలబెట్టొద్దు.

నీ మోటార్లో అయస్కాంతాలు లోపలున్నాయో పైన అతికించారో చూసి చెప్పు. పైన అతికించినవైతే హాల్ సెన్సార్లు అట్లాగే ఉంచెయ్, కనెక్టర్లకి నీళ్లు దూరని రకం తెచ్చుకుందాం.

మామయ్య