గొప్పేమీ లేని సొంతూరు వదిలాక ఎందుకంత గుర్తొస్తుంది?

ఊరు గొప్పదని కాదు, మన వయసులో ఎక్కువగా గుర్తుండిపోయే కాలం అక్కడ గడిచింది కాబట్టి. పెద్దయ్యాక వెనక్కి చూస్తే బాగా గుర్తుండేవి సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే. బడి, స్నేహాలు, తొలి సంపాదన అన్నీ అప్పుడే మొదలు. పైగా రోజూ కళ్లముందుండే దాన్ని మెదడు పట్టించుకోదు. దూరమయ్యాకే లోటు తెలుస్తుంది.

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లినవాళ్లనే చూడండి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎండనీ నీళ్ల కరువునీ తిట్టుకున్నవాళ్లే. అక్కడ ఎవరింట్లోనో నానిన బొరుగులకు తాలింపు పెట్టిన వాసన తగిలితే చాలు, టవర్ క్లాక్ దగ్గర తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గుర్తొచ్చేస్తాయి. చూపు, వినికిడి మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగం గుండా వెళ్తాయి. వాసన మాత్రం ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలు, జ్ఞాపకాల భాగాలకు చేరుతుంది. ఫొటో కంటే పోపు వాసన గట్టిగా లాగేది అందుకే.

ఇలా అనిపిస్తే కొత్త ఊళ్లో ఇమడలేదనీ, వెనక్కి వెళ్లిపోవాలనీ చాలామంది అనుకుంటారు. 1688లో దీనికి ‘నాస్టాల్జియా’ అని పేరు పెట్టిన స్విస్ వైద్యుడు యోహానెస్ హోఫర్ కూడా జబ్బనే అనుకున్నాడు. కాదు. వెతుక్కునేది ఊరినే కాదు, ఆ వయసును కూడా. సెలవులకు వెళ్లిన నాలుగు రోజులకే విసుగు పుట్టేది అందుకే. వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతింటే మాత్రం అది వేరే సంగతి, డాక్టర్‌ను కలవాలి.