పాత లింకన్ కారు కోసం 401కె లోనా? వద్దు

టెక్సస్‌లోని మెకిన్నీ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 36, హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 1,28,000 డాలర్ల జీతం. భార్యది ఆయన మీద ఆధారపడిన హెచ్-4 వీసా, పని చేయడానికి ఇంకా అనుమతి రాలేదు. నాలుగేళ్ల పాప. కోతలన్నీ పోను నెలకు 7,600 చేతికొస్తుంది. ఇంటి అద్దె, పాప డేకేర్, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది కలిపి 6,900 ఖర్చవుతుంది. సేవింగ్స్‌లో 9,000, కంపెనీ ద్వారా రిటైర్మెంట్ కోసం దాచే 401కె ఖాతాలో 71,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 4,200 బాకీ.

ఆయన ప్రశ్న ఇది: "మా వీధిలో రిటైరైన ఒకాయన తన 1988 లింకన్ మార్క్ సెవెన్ ఎల్‌ఎస్‌సీ అమ్ముతున్నారు. ఎప్పుడూ గరాజ్‌లోనే ఉంది, 41,000 మైళ్లే తిరిగింది. సీటు లెదర్ కూడా పగల్లేదు. 14,500 అడుగుతున్నారు. 401కె నుంచి 15,000 లోన్ తీసుకుంటే ఆ వడ్డీ నా ఖాతాకే వస్తుంది కదా. ఇలాంటి కార్ల రేటు పెరగడమే గానీ తగ్గదు. ఎమర్జెన్సీ వస్తే మిగతా 401కె ఉంది, కార్డు మీద 22,000 లిమిట్ ఉంది. శనివారం అడ్వాన్స్ ఇవ్వమంటారా?"

ఇవ్వొద్దు.

కారు మీద మీకున్న ఇష్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ ఎమర్జెన్సీ వాక్యం. 401కెను, కార్డు లిమిట్‌ను అత్యవసర నిధి కింద లెక్కేసుకునేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. జీతం బాగుంటుంది, నెల నెలా ఠంచనుగా పడుతుంది, అందుకే చేతిలో డబ్బు లేదన్న సంగతి తట్టదు. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు, అప్పిచ్చేవాడు ఎప్పుడైనా తగ్గించగల అంకె. ఇక 401కె లోన్ సంగతి చూద్దాం. మీరు ఎక్కువ భయపడాల్సింది ఉద్యోగం పోవడం గురించి. సరిగ్గా ఆ రోజే ఈ లోన్ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఎలాగో లెక్క చెబుతాను. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 308 డాలర్లు జీతంలోంచి కోత పడుతుంది. ఇప్పుడు మిగిలే 700లో దాదాపు సగం అక్కడే పోయింది. ఏడాది తిరిగేసరికి అసలు ఇంకా 12,500 దాకా ఉంటుంది. అప్పుడు ఉద్యోగం పోయిందనుకోండి. చాలా ప్లాన్లలో ఆ బాకీ కట్టకపోతే దాన్ని మీరు డబ్బు తీసేసుకున్నట్టే లెక్కిస్తారు. 12,500 మీ ఆదాయంలో కలుస్తుంది, దాని మీద ఫెడరల్ ట్యాక్స్, పైన పది శాతం అంటే 1,250 పెనాల్టీ. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ మేరకు నయం. ట్యాక్స్ ఫైల్ చేసే గడువులోగా అంత డబ్బూ ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలో వేస్తే తప్పించుకోవచ్చని మీరు అనొచ్చు. నిజమే, రూలు అలాగే ఉంది. జీతం లేని మనిషి 12,500 ఎక్కడి నుంచి తెస్తాడు? వడ్డీ నాకే వస్తుందన్న సంబరంలో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. ఇల్లు పీకి పందిరి వేయడం అంటే ఇదే.

మీ వీసా సంగతి వేరే చెప్పాలి. ఉద్యోగం ఆగిన మర్నాటి నుంచి మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఈలోగా కొత్త కంపెనీ మీ పేరున పిటిషన్ వేయాలి, లేదా మీరు వేరే స్టేటస్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, కాదంటే దేశం వదిలి వెళ్లాలి. మీ ఆవిడ హోదా కూడా మీ వీసాతోనే ముడిపడి ఉంది కాబట్టి ఇంట్లో రెండో జీతం అనే ఆసరా లేదు. అద్దె, కిరాణా ఆగవు. పైగా కంపెనీ ఇన్సూరెన్స్ పోయాక అదే పాలసీని సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా తీసుకుంటే మొత్తం ప్రీమియం, దానిపై రెండు శాతం మీరే కట్టాలి. కుటుంబానికి అది నెలకు రెండు వేలు దాటడం మామూలే. అంటే ఆ రెండు నెలలకే 17,000 పైచిలుకు కావాలి. తిరుగు ప్రయాణం తప్పకపోతే టికెట్లు, లీజు మధ్యలో తెంచుకున్నందుకు కట్టేది అదనం. మీ దగ్గర ఉన్నది 9,000. అందులో కార్డు బాకీ తీసేస్తే 4,800. ఒక్క నెల కూడా గడవదు.

ఆ పరిస్థితిలో లింకన్ అమ్మేద్దాం అనుకుంటారు. టొయోటా అయితే రెండు రోజుల్లో పోతుంది. 1988 నాటి రెండు తలుపుల కూపే కొనేవాడు దొరకడానికి నెలలు పట్టొచ్చు, గడువు తరుముతుంటే వాడు అడిగినంతకే ఇచ్చేయాలి.

ఇప్పుడు కారు గురించి. మార్క్ సెవెన్ 1984 నుంచి 1992 దాకా వచ్చింది, వేల సంఖ్యలో తయారైంది, అపురూపమైనదేమీ కాదు. ఇంజిన్ గురించి బెంగ అక్కర్లేదు. 225 హార్స్‌పవర్ ఇచ్చే ఆ 5.0 లీటర్ల వీ8 అప్పటి మస్టాంగ్ జీటీలోనూ ఉంది, పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. ఖర్చంతా వేరే చోట ఉంది. దీనికి నాలుగు చక్రాల దగ్గరా ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు స్ప్రింగులు ఉంటాయి. కారు తిరక్కపోయినా రబ్బరుకు వయసు మీదపడుతుంది. సన్నటి బీటల్లోంచి రాత్రంతా గాలి పోయి పొద్దున్నకి ఒక మూల కిందికి వాలి ఉంటుంది. స్టార్ట్ చేయగానే దాన్ని లేపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి చివరికి కాలిపోతుంది. ఈ బాధ పడలేక చాలామంది ఓనర్లు మామూలు స్ప్రింగులు వేయించేశారు. బ్రేకులది ఇంకో తంటా: ఏబీఎస్ పంపు, మాస్టర్ సిలిండర్ ఒకే యూనిట్‌గా ఉంటాయి, పోతే దొరకడం కష్టం, దొరికినా చవక కాదు. ఏసీలో మొదట వాడిన ఆర్-12 గ్యాస్ తయారీ అమెరికాలో 1996 నుంచే ఆగిపోయింది. మార్పించారో లేదో అడగండి. డల్లాస్ వైపు ఎండల్లో ఏసీ లేని కారు జూన్ నుంచి గరాజ్‌లో ఉండాల్సిందే. తక్కువ మైళ్లు అన్న మాట వీటిలో దేనికీ హామీ కాదు. ధర మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్, అంటే ఇంకో 906 డాలర్లు, మీ లెక్కలో లేదు. రేటు పెరుగుతుందన్న ఆశా వదిలేయండి. సొంతానికి వాడుకున్న కారు లాభానికి అమ్మితే ట్యాక్స్ ఉంది, నష్టానికి అమ్మితే మినహాయింపు లేదు.

పర్సనల్ లోన్, కార్డుల జీరో పర్సెంట్ ఆఫర్, పాత కార్లకిచ్చే ప్రత్యేక లోన్ కూడా అడిగారు. మూడూ అప్పులే, మూడింటికీ నా జవాబు ఒకటే.

ముందు చేయాల్సింది: సేవింగ్స్‌లోంచి కార్డు బాకీ మొత్తం ఈ నెలే తీర్చేయండి. మీరు 401కెలో పది శాతం వేస్తున్నారు, కంపెనీ కలిపేది ఐదు శాతం వరకే. అత్యవసర నిధి నిండేదాకా మీరూ ఐదుకు తగ్గించండి. దాంతో నెలకు దాదాపు 420 అదనంగా చేతికొస్తుంది, మిగులు 700తో కలిపి 1,120. మార్చిలో పన్నులు పోను వచ్చే 5,500 బోనస్ ముట్టుకోకుండా పక్కన పెట్టండి. కార్డు తీర్చాక మిగిలే 4,800తో కలిపి ఈ లెక్కన రెండేళ్లలో 42,000 దాటుతుంది, అంటే మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు. రిటైర్మెంట్ డబ్బు తగ్గించమని నేను మామూలుగా చెప్పను. వీసా మీద, ఒక్క జీతం మీద ఉన్న ఇంటికి మాత్రం చెబుతాను. అమ్మానాన్నలకు పంపేది తగ్గించక్కర్లేదు. టర్మ్ ఇన్సూరెన్స్ కంపెనీదే ఉందని రాశారు. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోండి.

ఆ నిధిని ఇండియాలో ఎన్ఆర్ఐలకు ఇచ్చే ఎన్ఆర్ఈ డిపాజిట్‌గా వేయొద్దు. ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ రాదు, డబ్బు వెనక్కి రావడానికి రోజులూ పడుతుంది. ఇక్కడే, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. అందులో మీ ఆవిడ పేరు తప్పకుండా ఉండాలి. జీతం పడిన మర్నాడే 1,120 దానంతటదే అందులోకి వెళ్లేలా పెట్టండి, లాగిన్ వివరాలు ఆవిడ దగ్గరా ఉంచండి. మీకేదైనా అయితే మెకిన్నీలో పాపతో ఒంటరిగా ఉండి ఆ డబ్బు తీయాల్సింది ఆవిడే.