నాది నాలుగు సిలిండర్ల ఇంజన్. పాత ఇనుప మానిఫోల్డు (సిలిండర్ల పొగను ఒక్కచోటికి చేర్చే గొట్టాలు) అలాగే ఉంచి, కార్బ్యురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెడుతున్నాను. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ ఎక్కడ బిగించాలి? ఒకటి చాలా, రెండు కావాలా?

మీది నాలుగు సిలిండర్ల ఇంజన్, పాత ఇనుప మానిఫోల్డే ఉంచుతున్నారు కాబట్టి ఒక్కటి చాలు. నాలుగు దారులూ కలిసిపోయాక, డౌన్‌పైపు (మానిఫోల్డు నుంచి కిందికి దిగే పొగ గొట్టం) మీద పెట్టండి. సిలిండర్ హెడ్ నుంచి 45-60 సెం.మీ. దూరం నాకు బాగా కుదిరింది. మరీ దగ్గరైతే వేడికి సెన్సార్ తొందరగా పోతుంది. మరీ వెనక్కి పెడితే రీడింగ్ ఆలస్యమవుతుంది, పైగా ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) పైపు చివరి నుంచి బయటి గాలి వెనక్కి వచ్చి లెక్క తప్పిస్తుంది.

నన్ను ఏడిపించింది మాత్రం దూరం కాదు, లీకు. నా పాత కారుకి ఇంజెక్షన్ పెట్టినప్పుడు మానిఫోల్డుకీ డౌన్‌పైపుకీ మధ్య గ్యాస్కెట్ పాతదే ఉంచేశాను. రోడ్డు మీద బాగానే పోయేది. ఐడిల్‌లో మాత్రం సెన్సార్ లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) అని చూపించేది, ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్) పాపం అది నమ్మి పెట్రోలు పోస్తూనే ఉండేది. ప్లగ్గులు విప్పితే బొగ్గు నలుపు! వారం రోజులు ఇంజెక్టర్లనే తిట్టుకున్నాను. చివరికి ఓ పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, వంగి వింటే జాయింటు దగ్గర సన్నగా టిక్‌టిక్‌మని చప్పుడు. టార్చి వేసి చూస్తే ఫ్లాంజ్ అంచున వెంట్రుకంత మసి గీత.

లీకున్న చోట పొగ బయటికి పోవడమే కాదు, ఒక్కో పొగ దెబ్బకీ మధ్య బయటి గాలి లోపలికి కూడా దూరుతుంది. సెన్సార్ చూసేది ఆ గాలిలోని ఆక్సిజన్‌నే. ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అవుతున్నా (పెట్రోలు సరిగ్గా అంటుకోకపోయినా) ఇలాగే లీన్ అని చూపిస్తుంది, ఎందుకంటే మండని ఆక్సిజన్ అలాగే వచ్చేస్తుంది. కాబట్టి మ్యాప్ (ఎంత పెట్రోలు పోయాలో చెప్పే ఈసీయూలోని పట్టిక) ముట్టుకునే ముందు సెన్సార్‌కి ముందున్న జాయింట్లన్నీ చూసుకోండి.

సెన్సార్ కింది వైపు వేలాడకూడదు, పైపులో చేరే నీటి చుక్క పడితే లోపలి వేడి సిరామిక్ పగులుతుంది. పైపును గడియారంలా చూస్తే పది, రెండు అంకెల మధ్య ఎక్కడైనా సరే. సెన్సార్ బిగించడానికి పైపుకి వెల్డింగ్ చేసే బుష్‌కి (మరలున్న ఉంగరానికి) 18 మి.మీ., 1.5 పిచ్ మర ఉండాలి. వెల్డింగ్ అప్పుడు సెన్సార్ అందులో ఉండకూడదు. దగ్గర్లో మామూలు సిలికాన్ సీలెంట్ వాడకండి, అది సెన్సార్‌కి విషం.

సెన్సార్ లోపలి హీటర్‌కి కరెంటు లేకుండా ఇంజన్ నడిపితే సెన్సార్ మసి పట్టిపోతుంది. వైరింగ్ పూర్తయ్యేదాకా ఆ బుష్‌లో సెన్సార్ బదులు బోల్టు బిగించి ఉంచండి.