చీపురు ఎవరి చేతిలో ఉందో చూడు

అమ్మలూ,

డీఎస్సీలో ఎంపికై పల్లె బడిలో చేరావని తెలిసి కడుపు నిండిపోయింది. పిల్లలందరినీ సమానంగా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. పాఠాలకంటే ముందు చీపురు దగ్గర మొదలుపెట్టు.

నా మొదటి బడిలో గంట కొట్టకముందే ఇద్దరు ఆడపిల్లలు గది ఊడ్చేవారు. ఎవరూ చెప్పేవారు కాదు, వాళ్లే లేచేవారు. ఇద్దరూ ఎస్సీ వాడ పిల్లలే. మూడు నెలలపాటు అది నా కంటికి ఆనలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తెలిశాక గోడకు వంతుల పట్టిక అంటించాను. మొదటి సోమవారం నా పేరు, మంగళవారం ఊరి పెద్ద కొడుకు పేరు రాశాను. వాళ్ల నాన్న కోపంగా వచ్చాడు. పట్టికలో పైన ఉన్న నా పేరు చూపించాను. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఉపకార వేతనాల ఫారాలు నింపేటప్పుడు "ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి" అని ఎప్పుడూ అనకు. వివరాలు రికార్డులో ఉంటాయి. లేకపోతే బిడ్డను పక్కకు పిలిచి అడుగు.

మధ్యాహ్న భోజనం దగ్గర ఇంకా జాగ్రత్త. "ఆమె వండితే మావాడు తినడు" అని ఎవరైనా అంటే వాదనకు దిగకు. నువ్వే పళ్లెం తీసుకుని పిల్లల వరుసలో కూర్చుని తిను. వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పిందని ఆ తర్వాత నెమ్మదిగా చెప్పు. గొడవ ఎందుకులే అని వంటమనిషిని మాత్రం మార్చనివ్వకు.

మీ ఊరి పక్కన ఇటుక బట్టీలున్నాయన్నావు. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు అక్కడ ఉంటే నువ్వే వెళ్లి పిలుచుకురా. టీసీ లేదనో, ఏడాది మధ్యలో వచ్చారనో వెనక్కి పంపే వీలు లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం అదే చెబుతోంది. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన చదువు విడిగా నేర్పాలి. తొమ్మిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో వేస్తే సిగ్గుతో మర్నాడు రాదు. తెలుగు రాదని వెనక బల్లకు పంపకు. బాగా కబుర్లు చెప్పే పిల్ల పక్కన కూర్చోబెట్టు, నెల తిరగకముందే ఇద్దరినీ నోరు మూయమని చెప్పాల్సి వస్తుంది.

దసరాకి వచ్చేటప్పుడు మీ బడి వంతుల పట్టిక రాసుకుని తీసుకురా. చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ