వీల్‌చెయిర్ కోసం ఆరు తలుపులూ పగలగొట్టాలా?

ప్రశ్న: రెండు నెలల క్రితం నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు వీల్‌చెయిర్‌లోనే తిరుగుతున్నారు. మా ఫ్లాట్‌లో ఏ గుమ్మంలోనూ అది సాఫీగా పట్టడం లేదు. ఆరు తలుపులూ వెడల్పు చేయాలంటూ కాంట్రాక్టర్ ఇచ్చిన అంచనా మా ఐదు నెలల ఇంటిఖర్చుతో సమానం. మా అత్యవసర నిధి ఆరు నెలలకు సరిపోతుంది. అది వాడాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? సగం తాను పెట్టుకుంటానని తమ్ముడు అంటున్నాడు.

జవాబు: లోన్ వద్దు. నిధి మొత్తం ఊడ్చేయడం అసలే వద్దు. ముందు టేపు పట్టుకుని కొలవండి.

కాంట్రాక్టర్ చెప్పేది తలుపు రెక్క సైజు. మీకు కావాల్సింది తలుపు తెరిచాక మిగిలే ఖాళీ. 30 అంగుళాల తలుపును నిటారుగా తెరిస్తే రెక్క మందం, చట్రం అంచు పోగా దక్కేది సుమారు 28 అంగుళాలే. 18 అంగుళాల సీటున్న మామూలు వీల్‌చెయిర్ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాల దాకా ఉంటుంది. చక్రం తిప్పే చేతులకూ చోటుండాలి కాబట్టి కనీసం 32 అంగుళాల ఖాళీ కావాలంటారు. ఇరుకు నడవలోంచి మలుపు తిరిగి లోపలికి వెళ్లాల్సి వస్తే ఇంకాస్త ఎక్కువే ఉండాలి.

ఇప్పుడు ఆయన రోజూ తిరిగే దారి చూడండి. మంచం, బాత్రూం, హాలు, బయటి గుమ్మం. స్టోర్ రూంలోకి ఆయనకేం పని? ఆరింటిలో రెండు అక్కడే తగ్గిపోవచ్చు.

మిగిలినవాటికీ గోడ కొట్టడం చివరి మాట. తెరిచినప్పుడు రెక్కను దారిలోంచి పూర్తిగా పక్కకు తప్పించే ప్రత్యేక బందులు (హింజెస్) దొరుకుతాయి. వాటితో అంగుళంన్నర నుంచి రెండు అంగుళాల దాకా కలిసొస్తుంది. పడకగదికైతే రెక్క తీసేసి తెర కట్టినా నడుస్తుంది. గడప అరంగుళం మించకుండా అంచు వాలుగా చెక్కించండి. బయట మెట్టు ఉంటే, ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు లెక్కన ర్యాంపు కావాలి. గుండ్రటి పిడి తీసేసి కిందికి నొక్కితే తెరుచుకునేది పెట్టిస్తే, ఒక చెయ్యి పట్టు లేకపోయినా తలుపు ఆయనే తీసుకోగలరు. ఇవన్నీ గోడ పనితో పోలిస్తే చిల్లర ఖర్చులే.

పెద్ద డబ్బు బాత్రూంకే పెట్టండి. అక్కడ వెడల్పు తప్పనిసరి, తలుపు బయటికి తెరుచుకోవాలి. ఆయన లోపల తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపు తీయడం చాలా కష్టం. ఆ గోడ బరువు మోసేదైతే కొత్త లింటెల్, అంటే తలుపు పైన గోడ బరువు మోసే దూలం, కావాలి. ఇంజనీరు చూడకుండా, అసోసియేషన్ అనుమతి లేకుండా సుత్తి వేయనివ్వకండి. బిల్డింగ్ ముఖద్వారం దగ్గరి ర్యాంపు ఉమ్మడి స్థలంలోది కనుక దాన్ని మెయింటెనెన్స్ నిధిలోంచి అడగండి, మీ జేబులోంచి మొదలుపెట్టకండి.

అంచనా ప్రకారం ఒక్కో తలుపు ఖర్చు నెల ఖర్చు కంటే తక్కువే. టైల్స్ పని కలిసి బాత్రూం కాస్త ఎక్కువైనా, చిన్న మార్పులతో కలిపి రెండు నెలల ఖర్చు పరిమితిగా పెట్టుకోండి. నిధి నాలుగు నెలల కంటే కిందికి దిగకూడదు. మందులు, ఫిజియోథెరపీ ఖర్చు ముందే తెలిసి రాదు.

మిగతా గోడల పని కొన్నాళ్లు ఆపండి. పక్షవాతం తర్వాత కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుంది. అప్పటికి ఆయన చేతికర్రతో నడవచ్చు, లేదా ఇంకా పెద్ద కుర్చీ అవసరం కావచ్చు. మీ ఫిజియోథెరపిస్టును అడిగి తేల్చుకోండి. ఆటోమేటిక్ తలుపుల జోలికి మాత్రం వెళ్లకండి, వాటి మరమ్మతులు మీ నెలవారీ బడ్జెట్‌లో కూర్చుంటాయి.

కాంట్రాక్టర్‌తో రాసుకునే కాగితంలో తలుపు సైజు కాకుండా 'తెరిచాక ఇంత ఖాళీ' అని రాయించండి. చివరి పది శాతం, వీల్‌చెయిర్ తోసి చూశాకే ఇవ్వండి. డాక్టర్ సర్టిఫికెట్, బిల్లులు దాచండి, పన్ను మినహాయింపు వర్తిస్తుందేమో మీ ఆడిటర్ చెబుతారు.

తమ్ముడు ఇస్తానన్న సగం మొహమాటపడకుండా తీసుకోండి. అయితే అది అప్పా, తమ్ముడి వాటానా అన్నది ఇప్పుడే ఒక మెసేజ్‌లో రాసుకోండి. రేపు ఫ్లాట్ అమ్మేటప్పుడు ఈ లెక్క తప్పకుండా బయటికొస్తుంది.